గౌరి కోసం ఎవరేడ్వాలె?

నిన్న సాయంత్రం హనుమకొండ ఇంట్లో నానమ్మ సకినాలు చుడుతుంటే పక్కన కూర్చుని ఫోన్‌లో ‘మూగ మనసులు’ పెట్టిన. 1964 సినిమా, ఆదుర్తి సుబ్బారావుది. పడవ నడిపే గోపి, జమీందారు గారి అమ్మాయి రాధ, ఈ జన్మలో కలవలేక ఇంకో జన్మలో భార్యాభర్తలై అదే గోదావరి మీద పడవెక్కుతారు. సుడిగుండం దగ్గరికి రాగానే పాతది గుర్తురావడం మొదలవుతుంది. చిన్నప్పుడు టీవీలో చూసినప్పుడు నాకు ఆ సుడిగుండం భయం తప్ప ఏమీ గుర్తులేదు, నిజం చెప్పాలంటే అక్కినేని, సావిత్రి కలిస్తే చాలనుకున్న.

నానమ్మ అట్ల అనుకోలేదు. ముసలి గౌరి వేషంలో జమున వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది, సకినం మూడో చుట్టు సగంలోనే ఉంది, వేళ్ల మధ్య పిండి ఆరిపోతోంది. "వాళ్లకేందిరా, ఇంకో జన్మ దొరికింది. గోపిని ఇష్టపడి, అన్నేండ్లు ఆ సమాధి కాడ దీపం పెట్టుకుంట కూసున్న గౌరికేం దొరికింది?" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా గౌరి వైపు నుంచి ఈ కథ చూడలేదు నేను. నువ్వెవరి కోసమన్నా అట్ల ఎదురు చూసినవా అని అడుగుదామనుకున్న కానీ నోరు రాలేదు.

"సౌండు పెంచు, సరిగ్గ ఇనవడ్తలేదు" అని మళ్లీ పిండి తీసుకుంది.