ఏసీ గ్యాస్ గాలికి వదిలితే ఓజోన్‌కి ఏమవుతుంది

చెన్నైలో సముద్రపు ఉప్పుగాలిలోనూ, ఈతకొలనుల్లోనూ క్లోరిన్ ఉంటుంది కదా, దానితో ఓజోన్ పోదా అని చాలామంది అడుగుతారు. పోదు. అది నీటిలో కరిగి వానతో కిందికి వచ్చేస్తుంది. సీఎఫ్‌సీలు (క్లోరిన్, ఫ్లోరిన్, కార్బన్ ఉన్న కూలింగ్ గ్యాసులు) అలా కరగవు, కింది గాలిలో దేనితోనూ చర్య జరపవు. వాటిలో ఒకటైన ఆర్-12 గాలిలో దాదాపు వందేళ్లు నిలవగలదు కాబట్టి, ఓజోన్ పొర ఉండే స్ట్రాటోస్ఫియర్ దాకా చేరుతుంది. అక్కడ అతినీలలోహిత కిరణాలు దాన్ని విడగొట్టి క్లోరిన్ పరమాణువును బయటికి తీస్తాయి.

ఆ క్లోరిన్ ఓజోన్ నుంచి ఒక ఆక్సిజన్‌ను లాక్కుని క్లోరిన్ మోనాక్సైడ్ అవుతుంది. విడి ఆక్సిజన్ పరమాణువు తగలగానే క్లోరిన్ మళ్లీ విడిపడి ఇంకో ఓజోన్ మీద పడుతుంది. 1974లో శాస్త్రవేత్తలు మొలినా, రోలాండ్ హెచ్చరించింది దీని గురించే.

మరి ఓజోన్ పొర బాగా పలచబడే చోటు, అంటే ఓజోన్ రంధ్రం, అంటార్కిటికా మీదే ఎందుకు? మామూలుగా క్లోరిన్‌లో ఎక్కువ భాగం హైడ్రోజన్ క్లోరైడ్‌గా, క్లోరిన్ నైట్రేట్‌గా బందీ అయి ఉంటుంది. దాదాపు మైనస్ 78 డిగ్రీల దగ్గర ఏర్పడే మేఘాల రేణువుల మీద ఆ రెండూ కలిసి క్లోరిన్ వాయువును వదులుతాయి. ధ్రువ రాత్రి ముగిసి ఎండ తగలగానే అది పరమాణువులుగా విడిపోతుంది. అక్కడ విడి ఆక్సిజన్ తక్కువ కాబట్టి, రెండు క్లోరిన్ మోనాక్సైడ్ అణువులు జతకట్టి చక్రాన్ని నడిపిస్తాయి.

మన పాత ఏసీల్లో ఉండేది ఆర్-22 అనే గ్యాస్. దాని ఓజోన్ నష్టం ఆర్-11 అనే సీఎఫ్‌సీతో పోలిస్తే 0.055 వంతే, అయినా గాలికి వదలకూడదు. ఏసీ విప్పేటప్పుడు ఏసీని కూలింగ్‌లో నడుపుతూ సన్న పైపు వాల్వ్ మూయమనండి, గ్యాస్ బయటి యూనిట్‌లోకి చేరుతుంది. ప్రెషర్ గేజ్ సున్నాకి దగ్గరపడగానే లావు పైపు వాల్వ్ మూసి, వెంటనే ఏసీ ఆపాలి. ఆలస్యమైతే, జాయింట్ వదులుగా ఉన్నచోట గాలి, తేమ లోపలికి పోతాయి. కంప్రెసర్ పాడైతే ఈ పద్ధతి కుదరదు, గ్యాస్‌ను సిలిండర్‌లోకి లాగే రికవరీ మెషిన్ కావాలి. ఆ సిలిండర్‌ను 80 శాతానికి మించి నింపకూడదు. అందులో ఆర్-32 అనే వేరే ఏసీ గ్యాస్ కలిపితే ఆ గ్యాస్ మళ్లీ వాడకానికి పనికిరాదు.