రెంట్ రసీదుల సీజన్‌లో మన సాక్ష్యం

జనవరి వచ్చిందంటే బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు వైపు ఆఫీసుల్లో ఒకటే గోల, ప్రూఫులు సబ్మిట్ చేయాలి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళు హెచ్‌ఆర్‌ఏ, అంటే జీతంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం మీద పన్ను మినహాయింపు కోసం రెంట్ రసీదులు పెట్టాలి, ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు కూడా ఇవ్వాలి. పీజీలో తొమ్మిది వేలు కట్టేవాడు పాతిక వేలని రాసుకుని బావమరిది పాన్ పెట్టేస్తాడు. అదేం పెద్ద విషయం కాదన్నట్టే మాట్లాడతారు.

ఆఫీసులో దేవుడి మాట ఎత్తితే హెచ్‌ఆర్ వాళ్ళు పిలుస్తారు కదక్కా, ఇంక సాక్ష్యం ఎలా ఇవ్వాలి, మన విశ్వాసం గురించి ఎలా చెప్పాలి అని చర్చిలో పిల్లలు అడుగుతుంటారు. ముందు ఈ రసీదుల దగ్గర మొదలుపెట్టమంటాను నేను. రోజూ పొద్దున్నే స్టేటస్‌లో బైబిలు వాక్యం పెట్టే తమ్ముడు, మధ్యాహ్నం రసీదు పుస్తకం ముందేసుకుని పన్నెండు నెలలవీ ఒకే పెన్నుతో రాసి, ఓనరు సంతకం మాత్రం పక్క సీటువాడితో పెట్టిస్తుంటే, ఆ పక్క సీటువాడికి మనం ఇంకేం సువార్త చెప్తాం?

బైబిల్లో దానియేలు 6వ అధ్యాయం అనగానే అందరికీ సింహాల గుహే గుర్తొస్తుంది. కాస్త వెనక్కి, 4వ వచనానికి రండి. మన దేవుణ్ణి ఎరగని రాజు దగ్గర, 120 మంది అధిపతుల మీద ఉన్న ముగ్గురు ప్రధానుల్లో ఒకడిగా ఉద్యోగం చేస్తున్న మనిషి అతను. గిట్టనివాళ్ళు అతని పనంతా గాలించారు, అంటే ఆడిట్ లాంటిదే, అయినా ఒక్క తప్పూ దొరకలేదు.

మా టీములో ఒకమ్మాయి ఉంది. తను టెస్ట్ చేశానంటే ఎవరూ మళ్ళీ చూడరు, పని అవ్వకపోతే అవ్వలేదనే చెప్తుంది, ఎవరి గురించీ వెనకాల మాట్లాడదు. ఒక హిందూ కొలీగ్, వాళ్ళమ్మ ఐసీయూలో ఉన్నప్పుడు, నేరుగా ఈ అమ్మాయి దగ్గరికే వచ్చి, మీ చర్చిలో ప్రార్థన చేయిస్తావా అని అడిగింది. మీ నిరీక్షణ గురించి అడిగినవాళ్ళకి సాత్వికంతో జవాబు చెప్పమంటాడు అపొస్తలుడు పేతురు తన పత్రికలో. అడగాలని వాళ్ళకి అనిపించాలి మరి.

యిర్మీయా ప్రవక్త చెరలో ఉన్నవాళ్ళకి రాసిన ఉత్తరం యిర్మీయా 29లో ఉంది. అందులో మీ గురించి నా ఉద్దేశాలు మేలైనవే అని దేవుడు చెప్పే 11వ వచనం ఫ్రేము కట్టించి గోడకి తగిలించని విశ్వాసి ఇల్లు అరుదు. అదే ఉత్తరంలో 7వ వచనం ఫ్రేములో నేనెక్కడా చూడలేదు. బబులోనుకి చెరగా వెళ్ళినవాళ్ళని, మీరున్న పట్టణం క్షేమం కోరి దానికోసం ప్రార్థించండి అంటుంది అది. మనల్నైతే ఎవరూ చెరపట్టి తేలేదు, ప్యాకేజీ చూసుకుని మనమే బస్సెక్కి వచ్చాం. అయినా ఏళ్ళు గడిచినా వాచ్‌మన్‌తో రెండు ముక్కలు కన్నడ మాట్లాడం, ట్రాఫిక్‌ని, నీళ్ళని తిట్టుకుంటూ పండక్కి ఊరికి టికెట్లు వెతుక్కుంటాం.

ఆదివారం ఆరాధన జరిగే హాలు వీధి సంగతి ఇంకా ఘోరం. పక్కింటి గేటుకి అడ్డంగా కారు పెట్టి, పొరుగువాణ్ణి ప్రేమించమనే ప్రసంగానికి లోపల ఆమెన్ చెప్తుంటాం, బయట ఆ పొరుగాయన హారన్ కొడుతూనే ఉంటాడు. కమిటీలో ఈ మాట ఎత్తితే ప్రార్థనలో పెడదాం అన్నారు. పెట్టండి, వద్దనను, వచ్చే ఆదివారం ఆ గేటు దగ్గర ఇద్దరు అబ్బాయిల్ని కూడా పెట్టండి.