గిటారు బ్రిడ్జికి జిగురు వెతుకులాట

నా గిటారు బ్రిడ్జి, అంటే తీగల కింది కొసల్ని పట్టుకునే చెక్క ముక్క, పైకి లేచిపోతోంది. దాని వెనక అంచు కింద విజిటింగ్ కార్డు దూరిపోతోంది. స్టీలు తీగల గిటారుకి ఇది మామూలు జబ్బే, శ్రుతి చేసి పెట్టాక ఆరు తీగలూ కలిపి దాదాపు 70 కిలోల బలంతో రాత్రీ పగలూ లాగుతూనే ఉంటాయి కదా. నాది ఇదివరకే ఒక షాపులో అతికించింది. వేడి చేసి ఊడదీస్తే కింద తెల్ల జిగురు బబుల్‌గమ్‌లా సాగుతూ వచ్చింది.

తెల్ల జిగురుకి పట్టు లేదని కాదు, ఒక్క ఊపున లాగితే చెక్కే చీలుతుంది. కానీ మామూలు పీవీఏ, అంటే ఈ తెల్ల జిగురే, 30, 40 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలెడుతుంది, మే నెలలో మా మేడ మీది గది సంగతి వేరే చెప్పాలా. అందుకని చిన్న పరీక్ష పెట్టాను. బ్రిడ్జి అడుగు సుమారు 45 చదరపు సెంటీమీటర్లు, అంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద కిలోన్నర లాగుడు. అంగుళం వెడల్పున్న రెండు చెక్క ముక్కల్ని అంగుళం మేర ఒకదాని మీద ఒకటి అతికించి 10 లీటర్ల నీళ్ల క్యాన్ వేలాడదీస్తే సరిగ్గా అదే లెక్క. అతుకు జరిగితే తెలియడానికి పక్కన రెండు ముక్కల మీదుగా అడ్డంగా పెన్సిల్ గీత. ఇలా ఒక్కో జిగురుకి ఒక్కో జత.

నాలుగో రోజుకి తెల్ల జిగురు ముక్క మీద గీత తెగి పక్కకి జరిగింది. ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు), సరేసు (జంతువుల తోళ్లతో చేసే జిగురు) పెట్టినవి కదల్లేదు. సూపర్ గ్లూ పెట్టలేదు, సరిచేసుకునే టైమే ఇవ్వదు.

ఎపాక్సీయే వాడేద్దామనుకున్నా, కానీ రేపు మళ్లీ ఊడదీయాల్సి వస్తే? సరేసు గాజులా బిగుసుకుంటుంది, వేడి, తడి తగిలిస్తే వదిలేస్తుంది. సరేసు పలుకులు రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి 60 డిగ్రీల దగ్గర కరిగించాను, మరిగిస్తే బలం పోతుంది. వాసనకి అమ్మ వంటింట్లోంచి గెంటేసింది. నిమిషంలోనే గడ్డకట్టేస్తుంది కాబట్టి ముందు జిగురు లేకుండా క్లాంపులు బిగించి రెండుసార్లు రిహార్సల్ చేశా, రెండు చెక్కల్నీ హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టా. పాత జిగురు చెక్క కనిపించేదాకా గీకడానికే ఒక ఆదివారం పోయింది.

రెండు రోజులాగి తీగలు కట్టాను. ఇవాళ్టికి 12వ రోజు, కార్డు దూరట్లేదు. వానాకాలంలో ఎలా ఉంటుందో చూడాలి, సరేసుకి తేమ పడదు.