నేను చివర్లోనే తొక్కుతా

ఏ గ్రూప్ రైడ్‌కి వచ్చినా నన్ను ముందు వరసలో వెతకొద్దు, అక్కడ ఉండను. అందరికంటే వెనకాల, పంపు, రెండు మూడు సైజుల ట్యూబులు, ప్యాచ్ కిట్టు, చైన్ టూలు అన్నీ బ్యాగులో వేసుకుని మెల్లగా వస్తుంటా. దీన్ని స్వీప్ అంటారు, మావాళ్ళు మాత్రం తోక అనేస్తారు, "ఇవాళ తోకెవరు" అనగానే చెయ్యెత్తేది నేనే, ఆరేళ్ళుగా ఇంతే. మొదటిసారి ఎవరూ ముందుకి రాలేదని ఒప్పుకున్నా, తర్వాత ఆ చోటు వదలబుద్ధి కాలేదు.

పోస్టర్ మీద "అందరూ రావచ్చు, ఏ సైకిలైనా పర్లేదు" అని పెద్దక్షరాల్లో వేస్తారు కదా, అది ఎంతవరకు నిజమో తెలిసేది తోక దగ్గరే. ముందు తొక్కేవాళ్ళకి ప్రతి ఈవెంటూ బాగానే ఉంటుంది, రోడ్డు ఖాళీ, వాలంటీర్లు ఫ్రెష్‌గా ఉంటారు, చప్పట్లు కొట్టేవాళ్ళు ఉంటారు, ఫొటోగ్రాఫర్ కూడా అక్కడే. వెనక్కొచ్చేసరికి ఒక్కొక్కటే మాయమవుతూ వస్తుంది.

మూడేళ్ళ కింద ఒక ఆదివారం రైడ్, పాతిక కిలోమీటర్లు, పెద్ద ఈవెంటే. ఆ రోజు నా ముందు ఒకావిడ మూడు చక్రాల సైకిల్ మీద వస్తున్నారు. మోకాలి ఆపరేషన్ అయ్యాక రెండు చక్రాల మీద బ్యాలెన్స్ భయం పట్టుకుందట, సైకిల్ మానలేక మూడు చక్రాలకి మారారు. గంటకి పది, పదకొండు కిలోమీటర్లు, అంతకంటే ఎక్కదు ఆ బండి, దాని బరువు అలాంటిది. ఎక్కడా దిగలేదు ఆవిడ, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కూడా చిన్న గేర్లో అలా తిప్పుతూనే ఉన్నారు, నేను పక్కన కబుర్లు చెప్తూ వచ్చా. సగం దాటాక మలుపుల దగ్గర దారి చూపే మార్షల్స్ కనపడలేదు, వెళ్ళిపోయారు. చివరికి ఫినిష్‌కి వచ్చాం, చూస్తే బ్యానర్ మడత పెట్టేశారు, మెడల్స్ పెట్టె వ్యాన్లోకి ఎక్కించేశారు, ఒకబ్బాయి కోన్లు ఒకదాంట్లో ఒకటి పేరుస్తున్నాడు. చెప్పిన టైముకి ఇంకా ఇరవై నిమిషాలుంది! ఆవిడ ఏమీ అనలేదు, "పర్లేదు తమ్ముడూ, పూర్తిగా తొక్కాను కదా" అని హెల్మెట్ తీసి బుట్టలో పెట్టుకున్నారు. నాకు మాత్రం ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత చాలా ఆలోచించా, ఇది ఎవరో కావాలని చేసింది కాదు, గ్రూప్‌గా తొక్కడంలోనే వెనకవాళ్ళకి అన్యాయం జరిగే లెక్క ఒకటి ఉంది, ఎవరూ పట్టించుకోకపోతే దానంతట అదే జరిగిపోతుంది. ముందు మనిషి గతుకు దగ్గర కొంచెం స్లో అవుతాడు, వెనక మనిషి ఇంకొంచెం గట్టిగా బ్రేకేస్తాడు, ఆ వెనక మనిషి ఇంకొంచెం, ఇలా వచ్చి వచ్చి నలభయ్యో మనిషి కాలు కింద పెట్టేస్తాడు. ఆ టైముకి ముందువాడు గతుకు దాటి స్పీడ్ అందుకున్నాడు, నలభయ్యోవాడు సున్నా నుంచి మళ్ళీ మొదలెట్టి గ్యాప్ పూడ్చుకోవాలి, అంటే అదే దూరానికి అందరికంటే ఎక్కువ బలం పెట్టేది అందరికంటే బలం తక్కువున్న మనిషే.

ఇంకోటి రెస్టు. ముందువాళ్ళు ఆగుతారు, నీళ్ళు తాగుతారు, ఒళ్ళు విరుచుకుంటారు, సెల్ఫీలు అవుతాయి, పదిహేను నిమిషాలు. అప్పుడు తోక వస్తుంది, రాగానే "ఆ, అందరూ వచ్చేశారు, పదండి పదండి". వాళ్ళకి రెస్టే లేదు! బాగా అలిసిన మనిషికి రెస్టు సున్నా, అసలు అలవని మనిషికి పావుగంట. ఎన్ని రైడ్లలో చూశానో ఇది. అందుకే ఇప్పుడు మేం పెట్టుకున్న రూలు ఒక్కటే, రెస్టు టైము తోక వచ్చిన దగ్గర్నుంచి లెక్క. చివరి మనిషి సైకిల్ స్టాండ్ వేశాక పది నిమిషాలు, అంతకుముందు ఎవరూ కదలరు. మొదట్లో స్పీడ్‌గా తొక్కేవాళ్ళు విసుక్కున్నారు, తర్వాత వాళ్ళకోసం అదే రోజు తెల్లవారుజామున వేరే లాంగ్ లూప్ పెట్టాం, అది తొక్కొచ్చి వీళ్ళతో కలుస్తారు, గొడవ తీరింది.

తోక అంటే గుర్తొచ్చింది, టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసులో అందరికంటే చివర ఉన్న రైడర్‌కి ఒక పేరుంది, లాంతెర్న్ రూజ్, ఎర్ర లాంతరు అని. రైలు చివరి పెట్టెకి వేలాడే ఎర్రలైటు అన్నమాట, ఆ లైటు కనపడితేనే పెట్టెలన్నీ వచ్చినట్టు, ఏదీ మధ్యలో ఊడిపోలేదని నమ్మకం. నా సీటు కింద ఎర్రలైటు వెలిగించిన ప్రతిసారీ ఇది తలుచుకుంటా.

దూరం తొక్కే రాండొన్యూరింగ్ వాళ్ళు ఈ విషయంలో నాకు బాగా నచ్చుతారు. వాళ్ళ రైడ్‌ని బ్రెవే అంటారు, బయట చాలామంది రేసనుకుంటారు గానీ అక్కడ ర్యాంకులే ఇవ్వరు. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 300కి ఇరవై, 400కి ఇరవై ఏడు, 600కి నలభై గంటలు, ఆ లోపు వస్తే పూర్తి చేసినట్టే, మొదట వచ్చినా ఆఖర్న వచ్చినా గౌరవం ఒకటే. 200కి లెక్కేసి చూడండి, ఆగిన టైముతో కలిపి గంటకి సగటున 15 కిలోమీటర్ల లోపే. ఇంకా బాగున్నదేంటంటే మధ్యలో కంట్రోల్ పాయింట్లు, అంటే వచ్చినట్టు నమోదు చేసుకునే చోట్లు, తెరిచే టైము కూడా ముందే ఫిక్స్ అయి ఉంటుంది, మరీ తొందరపడి ముందే వస్తే గేటు దగ్గర వెయిట్ చెయ్యాల్సిందే. 1891లో మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్ ఇప్పుడు నాలుగేళ్ళకోసారి జరుగుతోంది, 1200 కిలోమీటర్లు, గరిష్ఠంగా తొంభై గంటలు, దాంట్లో రోడ్ బైకుల పక్కన ఇద్దరు కలిసి తొక్కే టాండెంలు, వెనక్కి వాలి తొక్కే రికంబెంట్లు, చిన్న చక్రాల ఫోల్డింగ్ సైకిళ్ళు కూడా వస్తాయి.

అమెరికాలో ఐయోవా రాష్ట్రం అడ్డంగా వారం రోజుల పాటు తొక్కే రాగ్‌బ్రాయ్ 1973లో మొదలైంది, ఇద్దరు పత్రికా విలేకరులు మేం తొక్కుతున్నాం, ఇష్టమైతే రండి అని పేపర్లో రాస్తే జనం వచ్చేశారు, ప్లానింగ్ అంటూ పెద్దగా ఏమీ లేదు. ఆ మొదటి ఏడాది క్లారెన్స్ పికార్డ్ అని 83 ఏళ్ళ పెద్దాయన సెకండ్ హ్యాండ్ లేడీస్ సైకిల్ మీద, ఆ ఎండలో ఫుల్ చేతుల చొక్కా, ఫుల్ ప్యాంటు, తల మీద పాతకాలం పిత్ హెల్మెట్ టోపీతో చివరి ఊరి దాకా తొక్కేశాడు. దారి పొడవునా ఆయన కోసం జనం నిలబడ్డారు. ఆ రైడ్ యాభై ఏళ్ళు దాటి ఇవాళ్టికీ నడుస్తోందంటే ఆ పెద్దాయనే సగం కారణమని నేను గట్టిగా నమ్ముతా, ఆయన్ని చూశాక "నావల్ల కాదు" అని ఎవరనగలరు చెప్పండి.

కొలంబియా రాజధాని బొగోటాలో సిక్లోవియా సంగతి పూర్తిగా వేరు, అది నాకు కల లాంటిది. 1974 డిసెంబర్ 15న మొదలైంది, ఇప్పుడు ప్రతి ఆదివారం, ప్రతి సెలవురోజు ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా 120 కిలోమీటర్లకి పైగా రోడ్లు కార్లకి మూసేసి సైకిళ్ళకీ, నడిచేవాళ్ళకీ, స్కేట్స్ వాళ్ళకీ వదిలేస్తారు. దాని గొప్పతనం ఏంటో నాకు చాలా లేటుగా వెలిగింది. అక్కడ స్టార్ట్ గీత లేదు, ఫినిష్ గీతా లేదు, ఎవరిష్టం వచ్చిన చోట ఎక్కి ఇష్టమైన చోట దిగిపోతారు, కాబట్టి అక్కడ తోకే ఉండదు! మేం ఇన్నేళ్ళు రూళ్ళు పెట్టుకుని తంటాలు పడ్డ ప్రాబ్లం వాళ్ళకి పుట్టనే లేదు. రోడ్డు మూయించే పర్మిషన్ దొరికే అవకాశం ఏ మాత్రం ఉన్నా, ర్యాలీ కంటే ఇలా ఒక కిలోమీటరు రోడ్డు మూడు గంటలు ఖాళీగా ఉంచమని అడగండి, నా సలహా ఇదే. చిన్నపిల్లలకి అయితే మరీను.

క్రిటికల్ మాస్ గురించి కూడా ఒకమాట. 1992 సెప్టెంబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైంది, నెలాఖరు శుక్రవారం సాయంత్రం అందరూ ఒకచోట కలిసి తొక్కుతారు, లీడర్ ఉండడు. గ్రూప్ సిగ్నల్ దగ్గర రెండు ముక్కలు కాకుండా కొందరు పక్కరోడ్డుకి అడ్డంగా సైకిల్ పెట్టి నిలబడతారు, కార్కింగ్ అంటారు, సీసాకి బిరడా పెట్టినట్టు. వాళ్ళు కాపాడుతున్నది తోకనే, అందుకు నాకు ఆ పని మీద గౌరవం ఉంది. అయినా చాలాచోట్ల అది చట్టం ఒప్పుకోదు, కార్లో ఉన్న మనిషికి కోపమొస్తే ముందు దెబ్బ తగిలేది అక్కడ నిలబడ్డ పిల్లాడికే, అందుకని ఫ్యామిలీలు వచ్చే రైడ్‌లో నేను ఒప్పుకోను, పోలీసుల్ని ముందే అడిగి పెట్టించుకోవాల్సిందే.

ఇక మా ఈవెంట్లో మేం మార్చుకున్నవి. రూటు ఒకే పెద్ద రౌండ్‌గా వెయ్యం, మధ్యలో ఒక మైదానం పెట్టుకుని దాని చుట్టూ మూడు చిన్న లూపులు, పువ్వు రేకుల్లాగా, ఒకటి తొక్కి చాలనుకున్నవాళ్ళు ఆగిపోతారు, మూడూ తొక్కేవాళ్ళు తొక్కుతారు, ఎవరూ ఫెయిలైనట్టు ఉండదు, ఇంటికి దూరంగా అలిసిపోయి ఇరుక్కుపోయే భయం లేదు. రూటు చూడ్డానికి వెళ్ళేటప్పుడు మూడు చక్రాల సైకిల్ తీసుకునే వెళ్తాం, ఎందుకంటే దారికి అడ్డంగా పాతిన స్తంభాల మధ్యలోంచి మామూలు సైకిల్ దూరిపోతుంది, మూడు చక్రాలదీ, హ్యాండ్ సైకిలూ దూరవు, ఇది రోడ్ బైక్ మీద వెళ్ళి చూస్తే ఎప్పటికీ తెలీదు. హ్యాండ్ సైకిల్ అంటే కాళ్ళతో కాకుండా చేతుల్తో తిప్పేది, నేలకి చాలా దగ్గరగా ఉంటుంది, కారువాళ్ళకి కనపడదు, దానికి పొడుగాటి జెండా తప్పనిసరి.

చూపు లేనివాళ్ళు టాండెం మీద వెనక సీట్లో కూర్చుంటారు, ముందున్నవాళ్ళని కెప్టెన్ అంటారు. కెప్టెన్‌గా మొదటిసారి తొక్కినప్పుడు నాకు తెలిసొచ్చిందేంటంటే నోరు మూసుకుంటే కుదరదు, "గతుకు", "బ్రేకు", "ఎడమకి", "పెడల్ ఆపుదాం" అని ప్రతిదీ ముందే చెప్పాలి, లేకపోతే వెనక మనిషి నడుం పట్టేస్తుంది. ఆ రోజు నా వెనక కూర్చున్న కుర్రాడు దారిలో చెట్ల నీడ వచ్చినప్పుడల్లా చెప్పేసేవాడు, చెంపకి చల్లగా తగిలిందని.

సైకిల్ తొక్కే ఓపిక లేని పెద్దవాళ్ళని ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్ళే బళ్ళు ఉన్నాయి చూడండి, 2012లో కోపెన్‌హాగెన్‌లో ఓలే కాస్సో అనే ఆయన ఓల్డేజ్ హోములో ఉన్నవాళ్ళని అలా తిప్పడం మొదలెట్టాడు, సైక్లింగ్ వితౌట్ ఏజ్ పేరుతో అది చాలా దేశాలకి వెళ్ళింది. మాకు అలాంటిది ఒక్క బండి దొరికినా చాలని ఉంది, ఇంకా దొరకలేదు.

స్టార్ట్‌కి ముందు గాలి, బ్రేకులు, చైన్ ఈ మూడూ ప్రతి సైకిల్‌కీ చూస్తాం, చాలాకాలం మూలన పడి ఉన్న సైకిల్ తెచ్చిన మనిషికి ఆ రెండు నిమిషాలు చాలా ధైర్యం ఇస్తాయి. పాత సైకిల్ తెచ్చామని మొహమాటపడేవాళ్ళకి నేను ఇటలీలో జరిగే ఎరోయికా అనే పాత సైకిళ్ళ రైడ్ గురించి చెప్తుంటా, 1997లో 92 మందితో మొదలైంది, అక్కడ 1987కి ముందు చేసిన పాతకాలం సైకిళ్ళదే రాజ్యం!

పిల్లలకైతే అన్నింటికంటే ఇష్టమైంది స్లో సైకిల్ రేసు. కాలు కింద పెట్టకూడదు, పక్క గీత దాటకూడదు, ఆఖర్న వచ్చినవాళ్ళదే గెలుపు. పోయినసారి మూడు చక్రాలావిడ కూడా పేరిచ్చారు, అప్పుడు మొదలైంది పేచీ, మూడు చక్రాల బండి కదలకుండా ఎంతసేపైనా నిలబడుతుంది కదా, అది ఓడిపోయేదే లేదని పిల్లలందరూ గోల. వాళ్ళలో వాళ్ళే కూర్చుని మాట్లాడుకుని రూలు రాసుకొచ్చారు, చక్రం పూర్తిగా ఆగితే అవుట్, అది అందరికీ వర్తిస్తుంది అని. ఆవిడ ఒప్పుకుని తొక్కారు, రెండోస్థానం వచ్చింది, తొమ్మిదేళ్ళ పాప గెలిచింది.

వచ్చే నెల రైడ్‌కి ఆవిడ ముందే ఫోన్ చేశారు, "నా బండికి వెనక అంత పెద్ద బుట్టుంది, ట్యూబులూ పంపూ అన్నీ పడతాయి, నీ బ్యాగు మోత ఎందుకు, ఈసారి తోక నేనుంటా" అని. ఎర్రలైటుకి కొత్త బ్యాటరీ వేసి ఉంచా, స్టార్ట్ దగ్గర ఆవిడ బండికి కట్టాలి.