వెటకారానికి పదేళ్ళు

మా తాతయ్య కమ్యూనిస్టు పార్టీ మనిషి. పాలకొల్లు పక్కన చిన్న ఊరు మాది, ఇంటికి రష్యావాళ్ళ 'సోవియట్ భూమి' పత్రిక వచ్చేది, ఆ నున్నటి కాగితాన్ని మేం నోటుపుస్తకాలకి అట్టలేసుకోడానికి తప్ప ఇంకెందుకూ వాడలేదనుకోండి. నా లెక్కల పుస్తకం మీద ట్రాక్టరు నడుపుతూ ఒకావిడ నవ్వుతుండేది, సైన్సు పుస్తకం మీద గోధుమ చేలో నిలబడ్డ ఒకాయన, ఆయనా నవ్వుతూనే. అక్కడందరూ ఎందుకంత నవ్వుతారో అర్థమయ్యేది కాదు.

చాలా ఏళ్ళకి తెలిసింది. నిజంగానే నవ్వుకునేవారు, కాకపోతే ఫొటోగ్రాఫరు వెళ్ళిపోయాక.

తమ సర్కారు మీద తామే జోకులు చెప్పుకుని నవ్వేవారు. ఆ జోకుల్ని రష్యాలో అనెక్‌దోత్ అంటారు. నోటి మాటే, ఆ రోజుల్లో కాగితం మీద పెడితే ప్రమాదం. సర్కారుకి సొంత వ్యంగ్య పత్రిక కూడా ఉండేది, 1922లో మొదలైన 'క్రొకొడిల్'. అందులో లంచాల గుమస్తానీ, తాగుబోతునీ, అమెరికా పెట్టుబడిదారునీ ఎంతైనా ఏకిపారెయ్యచ్చు, పైనున్నవాణ్ణి మాత్రం ముట్టుకోకూడదు. ఆయన సంగతి వంటింట్లో, లేదా లైన్లో. 'ప్రావ్దా' అంటే సత్యం, 'ఇజ్వెస్తియా' అంటే వార్తలు, రెండూ పేపర్ల పేర్లే. సత్యంలో వార్తలుండవు, వార్తల్లో సత్యముండదు అనేవారట.

లైను అంటే మాకు తెలియనిదా. కంట్రోలు షాపు ముందు కిరసనాయిలు డబ్బాల్ని వరసగా పెట్టేసి మనుషులం చెట్టు కింద కూర్చునేవాళ్ళం. "ఈ నెల పంచదార వచ్చిందంటారా?" అని ఎవరైనా అడిగితే "వచ్చిందండి, వచ్చి డీలరుగారింట్లో పెళ్ళి చూసుకుని అట్నించటే వెళ్ళిపోయింది, ఆయ్" అనేవాడు మా వీధి మావయ్య ఒకాయన, మొహంలో ఒక్క గీత కదలకుండా.

సోవియట్ నాయకుడు గోర్బచేవ్ 1985లో తాగుడు మీద కత్తి కట్టాక వోడ్కా కొట్ల ముందు మైళ్ళ కొద్దీ లైన్లు. అందులో ఒకడు విసిగిపోయి "ఉండండి, వెళ్ళి ఆ గోర్బచేవ్‌ని చంపేసొస్తా" అని పోయాడు, కాసేపటికి వచ్చి మళ్ళీ తన చోట్లో నిలబడ్డాడు. ఏమైందంటే "అక్కడ లైను ఇంతకన్నా పొడుగుంది" అన్నాడట. పదవి పోయాక గోర్బచేవే దీన్ని ఓ టీవీ షోలో చెప్పుకుని నవ్వాడు. మనకీ 1995లో మద్యనిషేధం వచ్చింది కానీ మనకి ఆ బాధ లేదు, యానాం ఉంది. చుట్టూ గోదావరి జిల్లా, మధ్యలో పుదుచ్చేరి చట్టం. ఆ రోజుల్లో మా ఊళ్ళో చాలామందికి ఉన్నట్టుండి యానాంలో చుట్టాలు పుట్టుకొచ్చారు.

స్టాలిన్ రోజుల్లో మాత్రం ఇవి సరదా కాదు. శిక్షాస్మృతిలో 58వ ఆర్టికల్ ఉండేది, దాంట్లో పదో క్లాజు సోవియట్ వ్యతిరేక ప్రచారం గురించి. నోరు జారి జోకేసినవాళ్ళు దాని కింద ఖైదీల శిబిరాలకి పోయారు. దాని మీదా జోకే: కోర్టు గదిలోంచి ఓ జడ్జి పొట్ట పట్టుకుని నవ్వుతూ వస్తాడు, ఏంటో మాకూ చెప్పమంటే "అమ్మో, ఇప్పుడే దీనికి ఒకడికి పదేళ్ళేశాను" అంటాడు. తెల్ల సముద్రం నుంచి బాల్టిక్ దాకా 1931-33 మధ్య ఖైదీలతో ఓ కాలవ తవ్వించారు, వేలమంది చచ్చిపోయారు. కుడి గట్టు జోకులు చెప్పినవాళ్ళు తవ్వారు, ఎడమ గట్టు విన్నవాళ్ళు తవ్వారు అని చెప్పుకునేవారు. కాలవ గట్టున పెరిగినవాణ్ణి, ఇది చదివి చాలాసేపు నవ్వలేకపోయాను. ఆ లెక్కన సాయంత్రం పూట మా నర్సాపురం కాలవ గట్టు మీద కూర్చునేవాళ్ళందర్నీ పట్టుకుపోతే కాటన్ దొరగారి ఆనకట్ట పక్కన ఇంకోటి లేచేది.

ఈ జోకుల్ని అమెరికా అధ్యక్షుడు రీగన్ పోగేసుకుని ప్రసంగాల్లో చెప్పేవాడు. నాకది అంతగా నచ్చదు. పక్క జిల్లావాడు మన ఊరిని వెటకారం చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

ఆయన చెప్పినవాటిల్లోదే ఒకటి తాతయ్యకి చెప్పాను, ఆయన మంచం పట్టకముందు. ఒకడు కారుకి డబ్బు కట్టాడు. పదేళ్ళ తర్వాత ఇదే రోజు రమ్మన్నారు. "పొద్దున్నా, సాయంత్రమా?" అన్నాడు. "పదేళ్ళ తర్వాతి మాటకి పొద్దున్నైతేనేం, సాయంత్రమైతేనేం?" "కాదండీ, ఆ పొద్దున్న కుళాయి బాగుచేసేవాడు వస్తానన్నాడు." తూర్పు జర్మనీలో ట్రబాంట్ కారుకి నిజంగానే పదేళ్ళకి పైగా ఆగేవారని కూడా చెప్పాను, జోకుకి బలం వస్తుందని.

తాతయ్య నవ్వలేదు. కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు.

"కారు ఇచ్చారా లేదా?"

"ఇచ్చే ఉంటారు."

"మీ నాన్న స్కూటరుకి నువ్వు పుట్టకముందు కట్టాడు. నువ్వు బళ్ళో చేరాక వచ్చింది."

మళ్ళీ పేపరు తీశాడు. రెండు పేజీలు తిప్పి, నా వైపు చూడకుండానే అన్నాడు, "వాళ్ళకి కుళాయి ఉందిగా."