గోలీని ఆపిందెవరు?

ఐదో తరగతికి బలం, చలనం పాఠం చెప్పిన మొదటి ఏడాది బోర్డు మీద నిర్వచనం రాసి, నాలుగుసార్లు చదివించి, పరీక్షలో అడిగాను. అందరూ కరెక్టుగా రాశారు. ఎంత సంతోషపడ్డానో! ఆ సాయంత్రమే వరండాలో గోలీలాడుతున్న మా క్లాసు పిల్లాడిని "ఆ గోలీ ఎందుకు ఆగిపోయిందిరా?" అని అడిగాను. తల కూడా ఎత్తకుండా "దాని బలం అయిపోయింది టీచర్" అన్నాడు.

ఆ రాత్రంతా అదే మాట బుర్రలో తిరిగింది. వాడి తప్పేముంది? జ్వరం తగ్గాక ఒంట్లో బలం లేదంటాం. గుడ్డు తిను, బలం అంటాం. వాడు ఇంట్లో విన్న బలం ఒంట్లో ఉండేది, వాడేకొద్దీ తరిగిపోయేది. గోలీకీ అంతేననుకున్నాడు. రెండు వేల మూడు వందల ఏళ్ల కిందట గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ అంతటివాడే, నెట్టేది లేకపోతే కదిలే వస్తువు ఆగిపోతుందని నమ్మాడు.

అందుకే ఇప్పుడు మొదటి రెండు రోజులు బలం అన్న మాటే ఎత్తను. నెట్టడం, లాగడం, అంతే. బోరింగ్ కొట్టడం, చేద లాగడం, తలుపు తోయడం, బ్యాగు జిప్పు. పిల్లలు చెబుతూనే ఉంటారు. నేను మాత్రం ప్రతిదానికీ ఒకటే అడుగుతాను: ఎవరు? దేన్ని?

మూడో రోజు గోలీలు తెమ్మంటాను. పరీక్ష అట్ట ఒక అంచును రెండు పుస్తకాల మీద పెడితే ఏటవాలు తయారు. గోలీని పైనుంచి వదలాలి తప్ప చేత్తో విసరకూడదు. ఈ ఒక్క విషయంలో పట్టుబడతాను. విసిరితే ఒకడు గట్టిగా, ఒకడు మెల్లగా విసురుతాడు, ఇక పోల్చడానికేం ఉంటుంది? కొలత జానలతో. ఎవరి జాన వారిది కాబట్టి కొలిచేది మొదటి నుంచి చివరిదాకా ఒకే పిల్ల.

మొన్న ఇసుకలో జానెడు కూడా పోలేదు. గోనెపట్టా మీద 3 జానలు. గచ్చు మీద 11 జానలు దాటి గోడకు కొట్టుకుంది.

"మూడుసార్లూ ఒకే ఎత్తు నుంచి దిగింది. దాని బలం అయిపోయి ఆగేదైతే మూడుసార్లూ ఒకే దూరం పోవాలి కదా?" అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. ఇలాంటప్పుడు జవాబు చెప్పేయాలని నాలుక దురద పెడుతుంది. ఆపుకోవడం నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

చివరికి వెనక వరసలోని పిల్ల మెల్లగా అంది, "పట్టా దాన్ని పట్టుకుంటోంది టీచర్." అప్పుడు బోర్డు మీద ఘర్షణ అని రాశాను. చాక్‌పీసు కింద పెట్టకముందే మళ్లీ తనే, "ఏదీ పట్టుకోకపోతే?"

నాలుగు వందల ఏళ్ల కిందట ఇటలీలో గెలీలియో కూడా ఏటవాలు పలకల మీద గుండ్లు దొర్లించి ఇదే ఆలోచించాడని చెప్పాను. 1977 సెప్టెంబరులో అమెరికా వాళ్లు అంతరిక్షంలోకి పంపిన వాయేజర్-1 నౌక గురించి చెప్పాను. ముందుకు తోసే ఇంజనేదీ లేకుండానే అది నేటికీ సెకనుకు సుమారు 17 కిలోమీటర్ల వేగంతో పోతూనే ఉంది. "పెట్రోలు లేకుండానా!" అని క్లాసంతా ఒకటే గోల. ఆ రోజు మధ్యాహ్న భోజనం గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

మర్నాడు ఒకడు జేబులో చిన్న సీసాతో వచ్చాడు. కొబ్బరినూనె. గోలీకి నూనె రాస్తే ఏదీ పట్టుకోదట, గోడ దాకా ఏం ఖర్మ, గేటు దాకా పోతుందట. సరే, వదలమన్నాను. ఊడవని వరండాలో 4 జానలు పోయి నిలబడిపోయింది. వాడి ముఖం వాడిపోయింది. వెళ్లి గోలీని తీసి, వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూశాడు. చుట్టూ మెత్తగా దుమ్ము అంటుకుని ఉంది. పరిగెత్తుకుంటూ వచ్చి నా ముందు చెయ్యి చాపాడు.

"ఆగిపోలేదు టీచర్. ఇదిగో, ఇది ఆపేసింది."