పానగల్‌లో మామ మిద్దె మీద

ఏప్రిల్‌లో ఒక్క రాత్రిలో నా చేపలు ముప్పై ఎనిమిది చచ్చిపోయాయి. మహబూబ్‌నగర్‌లో మా ఇంటి వెనక రేకుల కింద వెయ్యి లీటర్ల ట్యాంకు, దాని పక్కన కంకర నింపిన రెండు తొట్లు, వాటిలో పాలకూర, టమాటా. అదీ నా ఆక్వాపోనిక్స్. ట్యాంకు నీళ్లను పంపు తొట్లలోకి ఎక్కిస్తుంది. కంకరను అంటుకుని బతికే బ్యాక్టీరియా చేపల మలినంలోని అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొక్కలు దాన్ని తిని పెరుగుతాయి, తేటపడ్డ నీళ్లు మళ్లీ చేపల దగ్గరికి దిగుతాయి. ఆ రాత్రి గాలిదుమారానికి పదకొండింటికి పోయిన కరెంటు తెల్లవారుజామున అయిదింటికి వచ్చింది. అప్పటికే రవ్వ పిల్లలు తెల్లగా వెల్లకిలా తేలుతున్నాయి.

రైతులకు 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి ఇస్తున్నారు, ఇళ్లలో కూడా కోతలు మునుపటంత లేవు. కానీ వేసవి గాలికి తీగ మీద విరిగిపడే వేపకొమ్మకు ఈ సంగతులేవీ తెలియవు కదా.

నల్లగొండ పక్కన పానగల్‌లో మా చిన్న మేనమామ ఆరేళ్లుగా మిద్దె మీద ఇదే పని చేస్తున్నాడు. ఫోన్ చేస్తే, "గిది ఫోన్ల చెప్పే ముచ్చట కాదు, బస్సెక్కి రా అల్లుడా" అన్నాడు. మే నెలలో ఒక శనివారం పొద్దున్నే బయల్దేరాను.

జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ మీదుగా వెళ్లాను. దారి పొడవునా బోడి చేన్లు, ఎర్రమట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బండరాళ్ల గుట్టలు. దేవరకొండలో కోట గుట్ట కింద బస్సు ఆగితే ముంజలు కొనుక్కున్నాను. కొండమల్లేపల్లి దాటాక బత్తాయి తోటలు కనబడ్డాయి. ఒక తోట గట్టున ఎప్పుడో వేసి వదిలేసిన బోరు గొట్టం మీద రాయి పెట్టి ఉంది. నీళ్ల కోసం ఇంత తిప్పలు పడే నేల మీద నేను చేపల ముచ్చట నేర్చుకోవడానికి పోతున్నానని తలుచుకుంటే నవ్వొచ్చింది.

మామ కాళ్లు కూడా కడుక్కోనివ్వలేదు. మొదటి ప్రశ్నే, "ఆ రాత్రి మేత ఎప్పుడేసినవ్?"

తొమ్మిదింటికి వేశాను. మర్నాడు పెళ్లికి పోవాల్సి ఉంది కాబట్టి రెండింతలు వేశాను.

"అయిపాయె," అన్నాడు. చేప తిన్నది అరిగించుకోవడానికి మామూలుకంటే ఎక్కువ ప్రాణవాయువు లాగుతుందట. మిగిలిన మేత నీళ్లలో కుళ్లడానికీ అదే కావాలి. పైగా ఎండాకాలం. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా కరిగే ప్రాణవాయువు, 30 డిగ్రీలకు ఏడున్నరకు పడిపోతుంది. నేనేమో అమ్మోనియా పెరిగి చచ్చాయనుకుని నెల రోజులు పరీక్ష సీసాలు పట్టుకుని తిరిగాను. అమ్మోనియా చంపడానికి టైం పడుతుంది, ఊపిరాడకపోతే గంటల్లోనే పోతాయి.

రెండో ప్రశ్న, గొట్టంతో చేపల నీళ్లలోకి గాలి ఊదే మోటరు గురించి. "గాలి మోటరు యాడ పెట్టినవ్?"

"కిందనే, ట్యాంకు పక్కన గచ్చు మీద."

మామ తల పట్టుకున్నాడు. పొద్దున చూసేసరికి ట్యాంకులో నీళ్లు సగానికి దిగి, మోటరు లోపలంతా తడిసి ఉన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ట్యాంకు పగిలిందేమోనని చుట్టూ తడిమి చూశాను గానీ గొట్టం వైపు చూడలేదు. మోటరు ఆగగానే నీళ్లు ఆ సన్నటి గాలి గొట్టంలోకి వెనక్కి ఎక్కి, అంచు దాటి, రాత్రంతా సైఫన్ లాగా కారిపోయాయి. అసలే గాలి లేదు, ఇక నీళ్లు కూడా సగమే. మామ మోటరు మాత్రం ట్యాంకు అంచుకంటే మూరెడు పైన మేకుకు వేలాడుతోంది. గొట్టం మధ్యలో వేలెడంత చెక్ వాల్వ్ ఉంది. అందులో గాలి ఒకవైపే పోతుంది.

సాయంత్రం చల్లబడ్డాక ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకుపోయాడు. కందూరు చోడుల కాలపు గుడి. పగలంతా లింగం వెనక గోడ మీద కదలకుండా స్తంభం నీడ. నేను ఏ స్తంభానిదో కనిపెడదామని అడ్డం నిలబడి చేతులూపి చూశాను, పూజారి నవ్వాడు. అక్కడినుంచి ఉదయ సముద్రం కట్ట మీదికి వెళ్లేసరికి పడమర అంతా ఇటుక రంగుకు తిరిగింది. "దుమారం లేస్తది, నడువు," అన్నాడు మామ.

ఎనిమిదింబావుకు కరెంటు పోయింది. మిద్దె మీద చీకట్లో, కరెంటు పోగానే బ్యాటరీకి మార్చే రిలే 'టక్' మంది, వెంటనే బ్యాటరీతో నడిచే చిన్న గాలి మోటరు సన్నగా గుర్రుమనడం మొదలుపెట్టింది. రెండు ట్యాంకుల్లోనూ బుడగలు. నీళ్ల పంపు మాత్రం ఆగిపోయింది.

"దాన్ని గూడ బ్యాటరీ మీద పెట్టొచ్చు గద మామా?"

"లెక్క చెయ్యి," అన్నాడు టార్చి నా మొహం మీద వేసి. 12 వోల్టులు, 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. రెండూ గుణిస్తే 1800 వాట్-అవర్లు. బ్యాటరీ పాడు కావద్దంటే సగమే వాడుకోవాలి, 900. గాలి మోటరు 18 వాట్లు, కాబట్టి యాభై గంటలు. 60 వాట్ల నీళ్ల పంపు కూడా తగిలిస్తే దాదాపు పదకొండున్నర గంటలే. నేను వేళ్ల మీద లెక్కపెట్టేలోపు మామ తొట్టి దగ్గర కూర్చుని కంకరలో చెయ్యి పెట్టాడు. నీళ్లన్నీ కిందికి దిగిపోయాయి, రాళ్లు తడిగా ఉన్నాయి. "గింతే గావాలె. తడి ఉండాలె, గాలి తగలాలె." బ్యాక్టీరియాకు కూడా ఊపిరి కావాలి. తొట్టిలో నీళ్లు నిలిచిపోతే అది చచ్చి, కుళ్లిన గుడ్ల కంపు కొడుతుందట. నా తొట్లు అలాగే నిండుగా నిలిచాయి, కరెంటు రాగానే ఆ నల్లనీళ్లన్నీ బతికున్న చేపల మీదికే దిగాయి.

రెండో ట్యాంకులో కొర్రమట్టలు. పైన వల కట్టి ఉంది, లేకపోతే ఎగిరి మిద్దె మీద పడతాయి. ఒకటి పైకొచ్చి గుటుక్కున గాలి మింగి కిందికి పోయింది. 2016లో మన రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. "వీటికి కరెంటుతోని పని లేదు" అన్నాడు మామ, ఇంటి అల్లుణ్ని మెచ్చుకున్నట్టు. నేనూ ఇవే వేస్తానంటే, "ఏస్తే ఏయి. తిండి ఖర్చు నువ్వే సూస్కో, చిన్న చేపల్ని మింగుతయ్" అన్నాడు అత్తమ్మ వైపు చూసి. అత్తమ్మ మాట్లాడలేదు.

నాలుగింటికి నన్ను లేపాడు. ఇంకా కరెంటు రాలేదు. తెల్లవారే ముందే ప్రాణవాయువు బాగా తగ్గుతుంది, చెరువుల్లో చేపలు పైకి తేలేదీ ఆ వేళకే. మొదటి ట్యాంకులోని బంగారుతీగ చేపలు రెండు మూడు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. అత్తమ్మ ఏమీ అడక్కుండా చెంబు తీసుకుని, ట్యాంకులో నీళ్లే ముంచి తలెత్తు నుంచి ధారగా పోయడం మొదలుపెట్టింది. చెయ్యి నొప్పి పుడితే నేను, నాకు నొప్పి పుడితే మామ. తెల్లారేసరికి అవి కిందికి పోయాయి. ఏడింటికి కరెంటు వచ్చాక తొట్లోంచి మొదట దిగిన రెండు బకెట్లు మామ ట్యాంకులోకి పోనివ్వలేదు, కింద జామచెట్టుకు పోశాడు.

నల్లగొండలో అక్వేరియం దుకాణం ఆదివారం పదకొండింటికి గానీ తియ్యలేదు. ఒక చెక్ వాల్వ్, నాలుగు మీటర్ల గొట్టం కొని జేబులో పెట్టుకుని బస్సెక్కాను. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా మోటరును కిటికీ పైన మేకుకు కట్టాను. స్టూలు దిగుతుంటే ఫోన్ మోగింది.

"అల్లుడా, ఆకాశం మీదికెల్లి మబ్బు పట్టింది. అక్కడెట్లుంది?"

"ఇక్కడ కూడా పట్టింది మామా."

"మేత ఏసినవా?"

చేతిలో ఉన్న మేత డబ్బా మూత పెట్టేశాను.